సమానంగా పంచిన కోత

తవుడు సరిగ్గా తడిసిందో లేదో చెప్పడానికి ఆ ప్రయోగశాలలో ఒక యంత్రం ఉండేది. దాన్ని ఎవరూ వాడేవారు కాదు. తవుడయ్య గుప్పెడు తవుడు తీసుకుని పిడికిలి బిగించి, మెల్లిగా విప్పి చూసేవాడు. ముద్ద విడిపోకుండా నిలబడాలి, వేలితో తడితే మాత్రం రాలిపోవాలి. వేళ్ళ సందుల్లో తేమ మెరిసిందా, ఆ ట్రే మొత్తం పక్కన పెట్టేసేవాడు.

తవుడయ్య అన్నది అతని అసలు పేరు కాదు. అసలు పేరు పలకబోయి నాలుక తిరగక, స్టోరుకీపరు పెట్టిన పేరు అది. వేరే దేశం మనిషి. బూజుల మీద పెద్ద చదువు చదివి వచ్చాడు కానీ, ఇక్కడి భాష మాత్రం స్టోరుకీపరు దగ్గరా, సీసాలు కడిగే ఆవిడ దగ్గరా నేర్చుకున్నాడు. అందుకని స్టోరుకీపరుని మామా అనీ, సీసాలావిడని అత్తా అనీ, ఆ ప్రయోగశాలకి పెద్ద అయిన మేడంని అక్కా అనీ పిలిచేవాడు. మీరు అనే మాట ఒకటి ఉందని వాళ్ళిద్దరూ చెప్పలేదు కాబోలు, డైరెక్టరుగారిని కూడా నువ్వనే అనేవాడు. డైరెక్టరుగారు మొదటిసారి ఉలిక్కిపడ్డారు. తర్వాత అలవాటు పడ్డారు.

"మామా, అత్తా అని పిలిచి మా ఇద్దరికీ పెళ్ళి చేసేశావు కదయ్యా" అనేవాడు స్టోరుకీపరు.

"నాకీ ముసలాయన వద్దు" అనేది సీసాలావిడ, చేతిలో బుడ్డి తోముతూనే. "ఒక్క సబ్బుబిళ్ళ ఇవ్వడానికి మూడు సంతకాలు పెట్టించుకుంటాడు. కాపురం ఏం చేస్తాడు?"

వాళ్ళు చేస్తున్న పని చెప్పుకోవడానికి చిన్నది. మగ్గం మీద దారం తెగకుండా మిల్లుల్లో ముందు గంజి పెడతారు. బట్ట నేశాక ఆ గంజి పూర్తిగా వదిలితే తప్ప రంగు సమంగా అంటదు. వదిలించడానికి పెద్ద పెద్ద తొట్లలో నీళ్ళు మరగబెట్టి, బట్టని పూటంతా అందులోనే తిప్పుతారు. ఊరి చివర మిల్లుల పొగగొట్టాలు కక్కే పొగలో సగం ఈ గంజి పుణ్యమే అని మేడం అనేది. ఒక చలికాలం తవుడయ్య ఒక మిల్లు వెనక కాలవలో చెయ్యి పెట్టి, గోడకి అంటుకున్న బూడిదరంగు బూజు గీసుకొచ్చాడు. చన్నీళ్ళలో గంజిని తినేసే బూజు. దాన్ని తడి తవుడు మీద పెంచి, ఆ తవుడు నానబెట్టి వడకట్టిన నీళ్ళలో బట్ట ముంచితే చాలు, నీళ్ళు కాచే పనే లేదు. ముంచి తీసిన బట్ట మీద ఒక చుక్క అయోడిన్ వేసేవారు. గంజి మిగిలి ఉంటే చుక్క నల్లటి నీలంగా మారుతుంది. పోతే పసుపు మరకగా అలాగే ఉండిపోతుంది.

మొదటిసారి ఆ పసుపు మరక చూసిన రోజు మేడం ఆ బట్టముక్కని ఇంటికి తీసుకెళ్ళి, బీరువాలో చీరల మధ్య దాచుకుంది. అటువంటి పనులు ఆవిడ చెయ్యదు. చేసినట్టు ఎవరికీ చెప్పనూ లేదు.

చిన్న గిన్నెల్లో బూజు ఎవరు పెంచినా పెరిగేది. పెద్ద ట్రేలలోనే పేచీ. ఒకసారి బలంగా వచ్చేది, ఇంకోసారి నల్ల బూజు పట్టి మొత్తం పారబోయాల్సి వచ్చేది. తవుడయ్య చెయ్యి పడ్డవి మాత్రం చెడేవి కావు. అతను చేసేది ఏమిటో కాగితం మీద పెట్టడానికి ఇంకో ఏడాది కావాలి. వచ్చే ఏడాది ఒక మిల్లులో ఒక తొట్టి వాళ్ళకి అప్పగించడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. అది నెగ్గితే మిగతా మిల్లులు వాటంతట అవే వస్తాయి. మేడం ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చేతికి అందేంత దగ్గరగా వచ్చిన పని అదొక్కటే.

కోత కబురు ఫోనులో వచ్చింది.

"పైనుంచి పరిశోధనల ఖర్చు తగ్గించమన్నారమ్మా" అన్నారు డైరెక్టరుగారు. "మీ దగ్గర ఇద్దర్ని తగ్గించుకోండి. ఎవర్నన్నది మీ ఇష్టం."

"మనుషుల్ని తీసెయ్యడం నా ఇష్టమంటే ఎలాగండీ?"

"నా ఇష్టమంటే ఇంకా కష్టం కదమ్మా. నాకు వాళ్ళ మొహాలు కూడా గుర్తుండవు."

ఫోను పెట్టేసి ఆవిడ తన గది అద్దం లోంచి బయటికి చూసింది. స్టోరుకీపరు అట్టపెట్టెలో మూతలు సైజు ప్రకారం ఏరుతున్నాడు. ఈ వయసులో ఇక్కణ్ణించి కదిలిస్తే అతన్ని ఎవరూ పిలవరు. సీసాలావిడ జీతం మీదే ఆవిడ ఇల్లు నడుస్తుంది. కళ్ళద్దాల అమ్మాయి తన పరిశోధన వ్యాసం సగంలో ఉంది. లెక్కలు చూసే కుర్రాడికి మొన్ననే పెళ్ళయింది. తవుడయ్య సంగతి ఆలోచించనే అక్కర్లేదు, అతను లేకపోతే పనే లేదు.

మేడం పుట్టిన ఇంట్లో పిల్లలు ఎక్కువ, గిన్నెలో ఉన్నది తక్కువ. ఇంటికి ఒక్క పండు వస్తే వాళ్ళమ్మ పిల్లల్లో ఒకర్ని పిలిచి చేతికి కత్తి ఇచ్చేది. కోసినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. ఆఖరి ముక్క తనదే అని తెలిస్తే ఏ చెయ్యీ వంకర పోదు. మేడం ఆ అలవాటుని ప్రయోగశాలకి కూడా తెచ్చుకుంది. బిస్కెట్ల పొట్లం, పండగ సెలవులు, వేసవిలో ఉన్న ఒక్క ఫ్యాను, అన్నీ అలాగే పంచేది. తన వంతు ఆఖర్న. అక్కడి జనం ఆవిడని అన్నిటికీ నమ్మారంటే ఇందుకే.

సాయంత్రం టీ దగ్గర అందరినీ కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పింది. "ఎవరూ పోనక్కర్లేదు. అందరి జీతంలోనూ ఒకే వంతు కోసుకుందాం. నాది కూడా. మిల్లు పరీక్ష నెగ్గేదాకా ఓర్చుకుంటే తర్వాత వాళ్ళే మన వెనక పడతారు. ఇష్టం లేనివాళ్ళు ఇప్పుడే చెప్పండి, నేనేం అనుకోను."

ముందు చెయ్యెత్తింది తవుడయ్యే.

"నేను సరే అక్కా."

"నాకేం భయం మేడం" అన్నాడు స్టోరుకీపరు. "నా జీతం ఎలాగూ ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ కోసేస్తుంది."

"నీది ఇంట్లో కోస్తారు మామా, నాది అక్క కోస్తుంది. ఇద్దరం ఒకటే" అన్నాడు తవుడయ్య. అందరూ నవ్వారు. సీసాలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, సబ్బు నురగ పడిందని చెప్పింది.

డైరెక్టరుగారు కాగితం చూసి, ఇలా ఎవరూ చెయ్యరమ్మా అన్నారు. తన నెత్తి మీది బరువు దిగింది కనుక సంతకం మాత్రం వెంటనే పెట్టారు. ఆ రోజు మేడం ఇంటికి నడిచి వెళ్ళింది. అమ్మ ఉంటే చెప్పుకునేది.

చెల్లెలి మొగుడు ప్రభుత్వ ప్రణాళికల ఆఫీసులో పెద్ద ఉద్యోగి. నెల తిరిగాక ఒక ఆదివారం మేడం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళింది. మరిదిగారు సోఫా నిండా కాగితాలు పరుచుకుని, వాటి మధ్య కోడిపెట్టలా కూర్చుని ఉన్నారు. దేశంలో ఉత్పాదకత ఎందుకు కదలడం లేదో నివేదిక రాసే పని ఆయన మీద పడింది.

"అంత పెద్ద మాటకి అర్థమేమిటి మరిదిగారూ?"

"చిన్నదే వదినగారూ. ఒక మనిషి ఒక గంటలో ఎంత పని తెములుస్తాడన్నది. మీ చెల్లెలు గంటలో ఎన్ని మాటలంటుందో లెక్కలోకి తీసుకుంటే మన దేశం ఎక్కడికో పోయేది."

"వినే మనిషికి చెవులుంటే ఇంకా పోయేది" అంది చెల్లెలు వంటింట్లోంచి.

"కొన్నేళ్ళుగా ముందుకి జరగడం లేదండీ. కొత్త పద్ధతి వస్తే జరుగుతుంది. కొత్త పద్ధతి రావాలంటే పరిశోధన కావాలి, అది చేసే మనుషులు ఎక్కడివాళ్ళయినా రానివ్వాలి. ఏ దేశం లెక్క తీసినా చివరికి ఈ రెండే తేలుతున్నాయి. మనం రెంటినీ ఒకే ఏడాది కుదించాం. కారణం కనిపెట్టమని నన్ను కూర్చోబెట్టారు, కనిపెట్టి చెప్తే ఇది కాదు ఇంకోటి చూడమంటున్నారు."

"మా తవుడు ట్రేలు మీ లెక్కలో ఎక్కడుంటాయి?"

"ఖర్చులో. పండాక వస్తాయి ఇవతలకి. అందాకా ఖర్చే."

మేడం నవ్వి, తన దగ్గర ఏం జరిగిందో చెప్పింది. ఇద్దర్ని తీసెయ్యమన్నారని, తను ఎవర్నీ తియ్యలేదని, అందరికీ సమానంగా కోసిందని. కొంచెం గర్వంగానే చెప్పింది. మెచ్చుకుంటారనుకుంది.

మరిదిగారు చేతిలో కాగితం కింద పెట్టారు.

"అందరికీనా?"

"అందరికీ. నాతో సహా."

"ఆ బయటి దేశం అబ్బాయికి కూడానా?"

"అందరికంటే ముందు అతనే ఒప్పుకున్నాడు."

ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. "వదినగారూ, బయటినుంచి వచ్చిన చదువుకున్నవాళ్ళ జీతానికి ఒక గీత ఉంటుంది. దానికి దిగువకి జీతం పోయిందంటే అనుమతి రద్దవుతుంది. ఈ ఏడాది ఆ గీత ఇంకొంచెం పైకి జరిపారు. వాళ్ళు చవగ్గా వచ్చి మనవాళ్ళ కడుపు కొట్టకూడదని పెట్టిన గీత అది."

"మేం మనవాళ్ళ కోసమేగా కోసింది."

"అవునండీ" అన్నారాయన. "కానీ అక్కడ చూసేది అంకె ఒక్కటే."

చెల్లెలు వడ్డించింది. మేడం ఏం తిన్నదో ఆవిడకి తెలియదు.

మర్నాడు అనుమతుల ఆఫీసులో కిటికీ వెనకున్న ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. కంప్యూటర్లో వెతికి, తవుడయ్య వివరాలు తీసి, తల ఊపింది. తగ్గిన జీతం అప్పటికే ఎక్కింది.

"మీరు చేసింది మంచి పనేనండి, కాదనను. మా దగ్గర మంచిపనికి గడి లేదు. ఈ నెలాఖరులోగా ఆయన జీతం మళ్ళీ పూర్తిగా ఇచ్చి, తగ్గించింది కూడా కలిపేస్తే పొరపాటు కింద రాసుకుంటాం. దాటితే ఆయన వెళ్ళిపోవాలి. మళ్ళీ రావాలంటే వాళ్ళ దేశం నుంచి మొదటికొచ్చి అడగాలి. అప్పుడు మీ ఆఫీసు ఈ ఉద్యోగానికి డబ్బుందని హామీ ఇవ్వాలి."

హామీ ఎవరూ ఇవ్వరని మేడంకి తెలుసు. నెలాఖరుకి ఇంకా రోజులున్నాయి. తవుడయ్య జీతం పూర్తిగా ఇవ్వాలంటే ఒక మనిషిని తియ్యాలి, లేదా మిగిలినవాళ్ళు ఇంకో కోతకి ఒప్పుకోవాలి. ఆవిడ ముందు తన జీతం లెక్కేసింది. పూర్తిగా వదులుకుంటానని డైరెక్టరుగారికి చెప్పింది. "అధికారి జీతం ఇంతకంటే దించే వీలు నిబంధనల్లో లేదమ్మా" అన్నారాయన. "నేను మొదటే ఇద్దర్ని తియ్యమన్నాను. ఇప్పుడు ఒక్కర్ని తీస్తే చాలంటున్నారు కదా. తియ్యండి."

ఆవిడ టీ దగ్గర మళ్ళీ అందరినీ కూర్చోబెట్టింది. తవుడయ్య ట్రేల గదిలో ఉన్నప్పుడు చూసి మిగతావాళ్ళని పిలిచింది. సంగతి విని కళ్ళద్దాల అమ్మాయి ఇంకో కోతకి సరేనంది. లెక్కల కుర్రాడు ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. సీసాలావిడ బల్ల మీద టీ గ్లాసు మరకని వేలితో రుద్దుతూ కూర్చుంది.

"నేను సబ్బు కొనుక్కోవడం మానేశానమ్మా" అంది చివరికి. "ఇంకేం మానాలో తెలియక ఆలోచిస్తున్నాను. వద్దనడం లేదు."

స్టోరుకీపరు గొంతు సవరించుకున్నాడు.

"వాణ్ణి నేనే మాటలు నేర్పి పెంచాను మేడం. నాకు అల్లుడు ఉంటే వాడిలాంటి వాడే ఉండాలనుకున్నాను. కానీ ఒకటి చెప్పనా? నేను బయటికి పోతే నన్ను తలుపు దగ్గర కాపలాకి కూడా పెట్టుకోరు. వాడు పోతే కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు. వాడికి ఎక్కడైనా దొరుకుతుంది. మాకు ఇక్కడే."

తలుపు దగ్గర అలికిడయింది. తవుడయ్య రెండు చేతుల్లో ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"మామ చెప్పింది నిజమే అక్కా" అన్నాడు. ట్రే బల్ల మీద పెట్టి, పైన కప్పిన గుడ్డ సర్దాడు. "ఇది రేపు చూడాలి. ఎవరూ ముట్టుకోవద్దు."

స్టోరుకీపరు లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆ తర్వాతి రోజుల్లో మేడం చెయ్యాల్సిన పని ఒకటే. ఒక పేరు రాయాలి. రోజూ పొద్దున్న ఆ పేరు రాద్దామనే బయల్దేరేది. ఏ పేరు రాసినా న్యాయమేనని లెక్క చెప్పేది. తొట్లు మరగడం ఆగితే ఎన్ని మిల్లులు నిలబడతాయో, ఎంతమందికి పని పెరుగుతుందో, దాని ముందు సీసాలు కడిగే ఉద్యోగం ఏపాటిదో ఆవిడకి అంకెల్లో తెలుసు. మరిదిగారు కూడా ఫోను చేసి, గుండె రాయి చేసుకోండి వదినగారూ అన్నారు. తీరా ఆఫీసుకి వచ్చాక గుమ్మంలోనే సీసాలావిడ కనిపించి, "మొహం అలా ఉందేమమ్మా, తిన్నారా?" అనేది. అంకెలు అక్కడే చెదిరిపోయేవి. కత్తి చేతికిచ్చినప్పుడు అందరికీ ఒకే ముక్క కొయ్యడం ఒక్కటే ఆవిడకి వచ్చు. ఒకరికి ఇవ్వకుండా కొయ్యడం ఎవరూ నేర్పలేదు. పైనుంచే ఏదైనా ఉత్తరువు వస్తే బాగుండునని చూసింది. పైవాళ్ళు ఆవిడ వైపు చూస్తున్నారు.

లెక్కల కుర్రాడు ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పాడు. నెలాఖరు వచ్చింది, వెళ్ళిపోయింది.

తవుడయ్య ఎప్పటిలాగే అక్కా అని పిలుస్తూ పనికి వచ్చాడు. ఆవిడకి అదే భరించడం కష్టమైంది. ఉన్న కొద్ది వారాలూ కళ్ళద్దాల అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని తవుడు పిండించాడు. "ఇంకొంచెం గట్టిగా. ఇప్పుడు విప్పు. చూశావా, ఇది ఎక్కువ. ఇది నీకు తెలియాలి, నేను చెప్పడం కాదు." ఆ అమ్మాయి రాసుకునేది, కొలిచేది, మళ్ళీ రాసుకునేది. మేడం కూడా చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, మెత్తగా, పచ్చి వాసనతో ఉండే ఆ ముద్ద అతని చేతిలో ఒకలా నిలబడేది, తన చేతిలో ఇంకోలా.

వెళ్ళే ముందు రోజు ఆవిడ వాళ్ళింటికి వెళ్ళింది. గదుల్లో సామాను కట్టేసి ఉంది. అతని భార్య టీ ఇవ్వబోతే కప్పులు మూటలో ఉన్నాయని గుర్తొచ్చి, గిన్నె మూతలో పోసి ఇచ్చింది. చిన్నపిల్ల తాళ్ళ మీద నుంచి దూకుతూ ఆడుతోంది.

"మీ దేశమే వెళ్తున్నారా?" అని అడిగింది మేడం.

"కాదక్కా. ఇంకో దేశం వాళ్ళు పిలిచారు. పెద్ద గది ఇస్తామన్నారు, మనుషుల్ని ఇస్తామన్నారు." ఏదో తప్పు చేసినట్టు చెప్పాడు. "ఆ బూజు ఇక్కడిది. నేను తీసుకెళ్ళడం లేదు."

"తీసుకెళ్ళు."

"వద్దు. అది నీది." కాసేపాగి పిల్ల వైపు చూపించాడు. "దీనికి ఈ భాష ఒక్కటే వచ్చు. అక్కడ మంచినీళ్ళు అడగడానికి కూడా నేనే మొదటినుంచి నేర్పాలి."

ఆ పిల్ల వచ్చి మేడం ఒళ్ళో చెయ్యి పెట్టి, "అత్తా, నువ్వు కూడా వస్తావా?" అంది. మేడం టీ మూత కింద పెట్టేసింది.

అతను వెళ్ళాక పెద్ద ట్రేలు మొదటిసారి బాగానే వచ్చాయి. కళ్ళద్దాల అమ్మాయి ఆనందం పట్టలేక అతనికి ఫోను చేసి చెప్పింది. తర్వాతివి నల్లబడ్డాయి. తేమ కొలిచారు, గది కడిగారు, తవుడు మార్చారు. బట్ట మీద వేసిన చుక్క ఒకరోజు పసుపుగా, నాలుగు రోజులు నీలంగా ఉండేది. ఫోనులో అతను అడిగినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూస్తే గానీ చెప్పలేనక్కా అన్నాడు. మిల్లు మేనేజరు రెండుసార్లు గడువిచ్చి, మూడోసారి కొత్త బాయిలరు తెప్పించుకున్నాడు. "నాకు నమ్మకం ఉందండీ మీ మీద" అన్నాడు, "కానీ నమ్మకంతో గంజి పోదు కదా." కళ్ళద్దాల అమ్మాయి తన వ్యాసం వేరే విషయం మీదికి మార్చుకుంది. ఫ్రిజ్‌లో దాచిన బూజు గొట్టాలని మేడం కొన్నాళ్ళు తానే చూసుకునేది. ఒక వేసవిలో అవీ చచ్చిపోయాయి.

ప్రయోగశాలని మూసెయ్యలేదు. బయటి దేశాలనుంచి వచ్చే సరుకు నాణ్యత పరీక్షించే చోటుగా మార్చారు. జీతాలు తగ్గినవి తగ్గినట్టే ఉన్నాయి, మనుషులు అందరూ ఉన్నారు. స్టోరుకీపరు మూతలు ఏరుతూనే ఉన్నాడు. సీసాలావిడకి కడగడానికి సీసాలు తక్కువై, కడిగినవే మళ్ళీ కడిగేది.

మరిదిగారి నివేదిక అచ్చయింది. ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. మేడం పేజీలు తిప్పింది.

"మాది ఎక్కడుంది?"

"పేరు లేకుండా ఒక పేజీ రాశాను వదినగారూ. పెద్దదైందన్నారు. పేజీ కింద చిన్న అక్షరాల్లోకి దించాను. చిన్న అక్షరాలు ఎవరూ చదవరు కదా, ఎందుకని అదీ తీసేశారు."

చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, పుస్తకం మూసి పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఒక చలికాలం నీలంరంగు డ్రమ్ములు వచ్చాయి. మిల్లులన్నీ కలిసి తెప్పించుకుంటున్న కొత్త సరుకట. చన్నీళ్ళలో గంజి వదిలిస్తుందట. అమ్మేవాళ్ళ మాట నిజమో కాదో తేల్చి సంతకం పెట్టే పని మేడందే. డ్రమ్ము మీద ఒక కంపెనీ పేరు, ఇంకో దేశం పేరు ఉన్నాయి. అది తవుడయ్య వెళ్ళిన దేశమే.

మూత తీశారు. సీసాలావిడ వంగి వాసన చూసి, మన తవుడు వాసనేనంటూ వెనక్కి జరిగి నిలబడింది.

మేడం కొలత ప్రకారం నీళ్ళలో కలిపింది. మిల్లునుంచి తెచ్చిన గంజి బట్ట ముంచి, తీసి, ఆరబెట్టింది. అయోడిన్ చుక్క వేసింది. చుక్క పాకి, పసుపుగా ఆగిపోయింది. ఇంకో బట్ట ముంచింది. అదీ పసుపే. ఎన్ని ముంచినా ఒక్కటీ నీలం కాలేదు. ప్రతి డ్రమ్ములోంచీ తీసి చూసింది. అన్నిటిలోనూ ఒకటే బలం. ఇంత సమంగా రావడానికి తను ఎన్నేళ్ళు ఎదురు చూసిందో గుర్తు చేసుకోబోయి, మానుకుంది.

"బాగుందా మేడం?" అన్నాడు స్టోరుకీపరు.

"బాగుంది."

"మనవాడిదేనంటారా?"

"మనిషి పేరు రాయలేదు."

అతను డ్రమ్ము పక్కనే నిలబడి, దాని అంచు మీద చెయ్యి వేశాడు. "నేను ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"అన్నది నిజమేగా."

"నిజమే అనుకోండి."

మేడం కాగితం మీద సంతకం పెట్టింది. ఆ సంతకంతో ఊరి చివర తొట్లు మరగడం ఆగుతుంది. మిల్లులు బాగుపడతాయి. ఏటా ఆ డ్రమ్ముల కోసం ఈ దేశం ఇంకో దేశానికి సొమ్ము కడుతూ ఉంటుంది. మరిదిగారి తర్వాతి నివేదికలో అది దిగుమతుల దగ్గర కనిపిస్తుంది.

సాయంత్రానికి మిల్లువాళ్ళు వచ్చి మిగిలిన సరుకు వంచుకుపోతే పరీక్ష డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. గట్టి డ్రమ్ములు, మూతలు బిగుతుగా పడతాయి. తిరిగి పంపక్కర్లేదని వచ్చినవాళ్ళు చెప్పి వెళ్ళారు. సీసాలావిడ ఒకదాన్ని కడిగి బోర్లించి, ఇంట్లో నీళ్ళకి పనికొస్తుందని చూసుకుంటోంది. లెక్కల కుర్రాడు కూడా వచ్చి నిలబడ్డాడు. ఉన్న మనుషులకి డ్రమ్ములు సరిపోవు.

"మీరే చెప్పండమ్మా" అంది సీసాలావిడ. ఆవిడ మొహంలో కల్మషం లేదు. "మీరైతే అందరికీ సరిగ్గా పంచుతారు."

అందరూ మేడం వైపే చూస్తున్నారు, ఎప్పటిలాగే నమ్మకంగా. ఆవిడ తడి చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, ఖాళీగా ఉన్న ట్రేల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది.

బయట కాసేపు ఎవరూ డ్రమ్ములు ముట్టుకోలేదు.